గాలికి దిగువన

"ఎన్నాళ్ళు పడుతుంది?"
మొరివాకి గారు ఫోను చేస్తే అడిగేది ఆ ఒక్క మాటే.
ఓతారు చేపల మార్కెట్టులో ముప్పయ్యేళ్ళు పద్దులు రాసిన మనిషి.
చక్కెర జబ్బు రెండు కళ్ళూ తినేశాక కూడా
తేదీ లేకుండా ఏదీ నమ్మడు.

"మంచు పడాలండీ" అన్నాను.
"అయితే నవంబరా?"
"పడి, కరిగి, గడ్డకట్టి, మళ్ళీ పడాలి."
అవతల పెన్ను మూత పెట్టిన చప్పుడు.
రాయలేడు. అయినా చేతిలో పెన్ను ఉండాలి.

కిబి అంటే వరిగలు.
ఆ రంగున పుట్టింది కాబట్టి ఆ పేరు.
ఏడాది నిండేదాకా ఒక మంగలి దంపతుల ఇంట్లో పెరిగింది.
నా దగ్గరికి వచ్చిన ఏప్రిల్లో
దాని మెడ దగ్గర ఇంకా పౌడరు వాసన,
కత్తెర చప్పుడైతే చాలు, బుద్ధిగా కూర్చునేది.

మొదటి నెల నేను నేర్పిందేమీ లేదు.
దాని భుజం నా మోకాలికి ఎక్కడ తగులుతుందో
నేనే నేర్చుకున్నాను.
ఆ తర్వాత అంచులు.
కాలిబాట అంచున ఆగు. మెట్టు అంచున ఆగు.
ఆగితే మెచ్చుకోలు,
ఆగకపోతే మళ్ళీ వీధి మొదటి నుంచి.
అదే మందుల షాపు, అదే ఎర్ర పోస్టు డబ్బా,
రోజుకి ఇరవై సార్లు.
నేనేదో పారేసుకుని వెతుక్కుంటున్నాననుకుని
షాపావిడ ఒకరోజు టార్చిలైటు తెచ్చిచ్చింది.

దీనికి ముందు హోకు.
పదకొండు నెలలు నడిపించాను దాన్ని.
ఒక మధ్యాహ్నం ఇంటి కప్పు మీది మంచు పెళ్ళగా జారి
దాని వెనక దబ్బున పడింది.
అంతే. ఆ వీధే కాదు, ఏ వీధీ తొక్కలేదు మళ్ళీ.
ఇప్పుడు పాడి రైతు ఇంట్లో దూడల మధ్య పడుకుంటుంది, సుఖంగా.
ఆ పదకొండు నెలలు ఏ పద్దులో రాయాలో
నాకెవరూ చెప్పలేదు.

డిసెంబరులో, చూపు లేనివాళ్ళ కోసం పరిచిన
పసుపు పలకలన్నీ మంచు కిందికి పోయాయి.
అప్పటికి మాట వినడం వచ్చేసింది కిబికి.
వినకపోవడం రావాలి.

కళ్ళకు గంతలు కట్టుకుని, పిడి పట్టుకుని
"పద" అంటాను.
ఎదురుగా మంచు ఎత్తే బండి వెనక్కి వస్తుంటుంది.
తోలేది మా సాయితో, నెమ్మదిగానే.
నా మాటకు అడ్డంగా అది ఒళ్ళు పెట్టాలి.
పెట్టదు. ఒక అడుగు వేసి నా మొహం వంక చూస్తుందట,
తప్పు నాదా, అన్నట్టు.
సాయితో చెప్పినప్పుడల్లా ఆ పూట నాకు అన్నం దిగేది కాదు.

ఫిబ్రవరి పంతొమ్మిదిన కదల్లేదు.
మూడుసార్లన్నాను. మూడోసారి కసిరాను.
నా మోకాళ్ళకు అడ్డంగా దాని పక్కటెముకలు
వణుకుతున్నాయి,
కదల్లేదు.
గంతలు తీయకుండానే మంచులో కూలబడి
ఆ పౌడరు వాసన ఎక్కడైనా మిగిలిందేమోనని
మెడలో మొహం పెట్టాను.

మార్చిలో మొరివాకి గారు వచ్చారు.
"లాగుతోందండీ ఇది!"
"లాగడం లేదు, చెబుతోంది."
నాలుగు వారాలు.
మొదట వాళ్ళ పక్కనే నడిచాను,
తర్వాత రెండడుగులు వెనక, తర్వాత పది,
తర్వాత రోడ్డుకి అవతల.
ఆఖరి రోజు పోస్టు డబ్బా చాటున,
గాలికి దిగువన.

సముద్రం మీది గాలికి మాటేముంది, మళ్ళింది.
కిబి ముక్కెత్తింది.
నేను ఊపిరి బిగబట్టి
ఆ వీధిలో ఎవరూ కాకుండా నిలబడ్డాను.
అంచు వచ్చింది. ఆగింది.
మొరివాకి గారు బూటుతో తడిమి చూసి
"బాగుంది" అన్నారు. మాట నాదే, గొంతు ఆయనది.
దాటారు.
ఒక చెవి మాత్రం రోడ్డు సగం దాకా
నా వైపే తిరిగి ఉంది.

ఏప్రిల్లో ఫోను.
"లెక్క తేలిందండీ. మూడు వందల నలభై ఆరు రోజులు."
హోకు నెలలు మనసులోనే కలుపుకుని
"సరిపోయింది" అన్నాను.